పలకల వెనక వంటిల్లు

"మళ్ళీ మొదలైందా నీ శీతాకాలం?" అన్నాడు మా ఆయన తెత్సుజి.

నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. కడుగుతున్నానని అనుకుంటున్నాను. చేతులు గిన్నెలోనే ఉన్నాయి, నీళ్ళు ఎప్పుడో తేటబడ్డాయి, పంపు మాత్రం పోతూనే ఉంది. తెత్సుజి చెయ్యి చాపి పంపు కట్టేసి, తన టీ కప్పు సింకులో పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టలేదు. ఆయన తిట్టే మనిషి కాదు. వాతావరణం చెప్పినట్టు చెప్పాడంతే. అక్టోబరు చివర, కొండల మీద ఆకులు ఎర్రబడి రాలిపోయే రోజులు. టీవీలో చలిగాలుల సంగతి చెప్తారు, మా ఇంట్లో నా సంగతి చెప్తారు.

నేను వ్యాపారం చేసే మనిషిని. ముల్లంగిని పొగబెట్టి, ఉప్పూ తవుడూ వేసి ఊరబెట్టి అమ్ముతాం. జపాన్ ఉత్తరాన ఈ అకితాలో మా వైపు ఊళ్ళకి పేరు తెచ్చింది ఆ ఊరగాయే. కొట్టు బోర్డు మీద మా ఆయన పేరుంది, పొట్లాల మీదా ఆయన పేరే ఉంది. వర్తకుల సంఘం మీటింగుకి పిలుపు ఆయన పేరు మీదే వస్తుంది. ఆ మీటింగులో టీలు అందించే పని మాత్రం నాకొస్తుంది. రైతు బండి దగ్గర నిలబడి ముల్లంగి మీద బొటనవేలు నొక్కి, ఇది నిన్న పీకింది కాదు మొన్నది, అని బేరం తెగ్గొట్టేది నేను. ఏ తొట్టి ఎప్పుడు తియ్యాలో వాసన చూసి చెప్పేది నేను. పొద్దుటి సంతలో చలికి చేతులు ముడుచుకుని కూర్చుని, రుచి చూడమని ముక్కలు కోసిచ్చేదీ నేనే. కొనేవాళ్ళు ముక్క నములుతూ "మీ ఆయన చేతిలో మహత్యం ఉందమ్మా" అంటారు. నేను నవ్వి పొట్లం కడతాను. సరుకు అమ్ముడుపోయేటప్పుడు ఎవరూ వాదన పెట్టుకోరు.

అలాంటి మనిషిని, ఆకులు రాలడం మొదలయ్యేసరికి మారిపోతాను. ఎందుకని అడిగితే చెప్పలేను. పొద్దున్నే కళ్ళు తెరుచుకోవు. తెరుచుకున్నాక లేవబుద్ధి కాదు. ఎంత పడుకున్నా నిద్ర తీరదు. తీపి మీదికి మనసు పోతుంది, ఎర్రచిక్కుళ్ళ ముద్ద పెట్టిన బన్ను ఒకటి తిని, కాగితం పారెయ్యకముందే ఇంకొకటి విప్పుతాను. సంతలో ఎవరైనా పలకరిస్తే వాళ్ళ మాట అద్దం అవతలి నుంచి వచ్చినట్టుంటుంది. జవాబు చెప్తాను, నవ్వుతాను కూడా. అయితే ఆ నవ్వుని ఎక్కడినుంచో మోసుకొచ్చి మొహం మీద దించాల్సి వస్తుంది. ఏడుపు రాదు, అదొక్కటే ఆశ్చర్యం. ఏడిస్తే కనీసం ఎవరైనా ఏమైందని అడుగుతారు. ఇది చూడ్డానికి సోమరితనంలా ఉంటుంది. మా ఇంట్లో దాన్ని సోమరితనమనే అంటారు. మా అత్తగారు హత్సుయో అయితే "మంచు పడకముందే ఎలుగుబంట్లు గుహలోకి పోతాయి, మా కోడలు పక్కలోకి పోతుంది" అని ఒకసారి చుట్టాల ముందు అంది. అందరూ నవ్వారు, నేను కూడా. ఏప్రిల్లో మంచు కరిగి కాలవల్లో నీళ్ళు చప్పుడు చేస్తుంటే నాకు నేను తిరిగొస్తాను. ఆ సంతోషంలో పోయిన నెలల్ని మర్చిపోతాను. అలా ఏళ్ళకేళ్ళు మర్చిపోతూ వచ్చాను.

ఆ రోజు పంపు కట్టేసిన చప్పుడు మాత్రం చెవిలో ఉండిపోయింది. బియ్యం పొయ్యి మీద పెట్టి ఆలోచించాను. ఒక తొట్టి ఏటా ఒకే కాలంలో పాడవుతోందనుకో. ఒక ఏడు తవుడు మంచిది కాదనుకుంటాం, ఇంకో ఏడు ఉప్పు తక్కువైందనుకుంటాం. అదే కాలంలో, అదే మూల పెట్టిన తొట్టి, ఏటేటా పాడవుతూనే ఉంటే దాని రాత అంతే అని ఊరుకునే వర్తకురాలు ఉంటుందా? మూల మారుస్తుంది. లేదా తెలిసినవాళ్ళని పిలిచి చూపిస్తుంది. సరుక్కి చేసేపాటి పని నాకు నేను చేసుకోలేదు.

ఆ వారంలోనే ఇంటింటికీ తిరిగే నోటీసుల అట్ట మా ఇంటికొచ్చింది. మా పేటలో ఊరి కబుర్లన్నీ ఆ అట్టకి గుచ్చి పంపుతారు. చదివి, ముద్ర వేసి, పక్కింట్లో ఇచ్చెయ్యాలి. చెత్త తీసుకెళ్ళే రోజులు మారాయని ఒక కాగితం, ఎలుగుబంటి తిరుగుతోందని ఇంకొకటి. వాటి కింద చిన్న అక్షరాల్లో ఇంకో నోటీసు: చలికాలంలో మనసు కుంగిపోతోందా, నిద్ర ఎక్కువవుతోందా, ఆరోగ్య కేంద్రానికి కౌన్సెలర్ వస్తున్నారు, వచ్చి మాట్లాడండి, రుసుము లేదు. చెప్పులు విడిచే గడప దగ్గర నిలబడే చదివాను. అది నా గురించే రాసినట్టుంది. ఊరంతా తిరిగే అట్ట మీద నా సంగతి రాసి, నా చేతికే ఇచ్చి ముద్ర వెయ్యమన్నట్టుంది. ముద్ర వేసి పక్కింటి కుదో వదినకి ఇచ్చేశాను. ఫోన్ నంబరు మాత్రం మనసులో పెట్టుకున్నాను. నంబర్లు గుర్తుండటం మా వృత్తిలో వింతేమీ కాదు.

ఫోన్ చేస్తే రమ్మన్న రోజు, ఇంట్లో "పంటి డాక్టరు దగ్గరికి" అని చెప్పి మా కొట్టు బండిలో బయల్దేరాను. చిన్న తెల్లబండి. రెండు పక్కలా మా ఆయన పేరు, పక్కన ఆకులతో సహా ముల్లంగి బొమ్మ. ఆ బొమ్మ వేయించినప్పుడు ఊళ్ళో అందరికీ కనపడాలని బేరమాడి పెద్దది వేయించాను. ఆ రోజు ఆరోగ్య కేంద్రం వెనక చెత్త డబ్బాల పక్కన, బొమ్మ గోడ వైపుకి వచ్చేట్టు తిప్పి ఆపాను. ఇంకో పక్క కూడా బొమ్మ ఉందని దిగాక గుర్తొచ్చింది.

కౌన్సెలర్ పేరు మియురా. మా ఊళ్ళో అమ్మాయి కాదు, అదే మేలనిపించింది. వయసు చిన్నది. చలికి ముక్కు ఎర్రబడి ఉంది. నేను కూర్చోగానే బేరం మొదలుపెట్టాను.

"ఎన్నిసార్లు వస్తే తగ్గుతుందమ్మా?"

"చెప్పలేనండీ."

"సుమారుగా?"

"సుమారుగా కూడా చెప్పలేను. అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు."

నాకు ఆ పిల్ల నచ్చింది. తొట్టి మూతపెట్టిన రోజే ఎప్పటికి ఊరుతుందో మాటిచ్చేవాడు సరుకు తెలిసినవాడు కాదు.

ఏం జరుగుతోందని అడగలేదు తను. చలికాలంలో లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఎక్కడెక్కడ ఉంటారో చెప్పండి అంది. ఇదేం ప్రశ్న అనుకున్నాను. చెప్పాను. తెల్లవారకముందు వంటిల్లు. అన్నం, పులుసు, చేప ముక్క, అత్తగారికి వేరేగా మెత్తటి గంజి. ఆ తర్వాత ఊరగాయ షెడ్డు. మళ్ళీ మధ్యాహ్నం వంటకి వంటిల్లు. కొట్టులో ఎవరూ లేకపోతే వంటింట్లోనే కూర్చుని పొట్లాలకి చీటీలు అంటిస్తాను. సాయంత్రం మళ్ళీ వంట. అంట్లు. రేపటి బియ్యం.

"పెద్దగదిలో ఎప్పుడు కూర్చుంటారు?"

"అక్కడ తుడుస్తాను."

తను నవ్వలేదు. నాకే నవ్వొచ్చింది.

"వంటింటికి కిటికీ ఉందా?"

"ఉంది. మంచుకాలంలో ఉండదు."

మా వైపు పెరిగినవాళ్ళెవరికైనా ఆ జవాబులో తప్పేం కనపడదు. మంచు మొదలయ్యేలోపు ఇంటి చుట్టూ కిటికీలకి చెక్క పలకలు బిగిస్తాం. లేకపోతే కప్పు మీంచి జారే మంచు దిబ్బలు కిటికీ అద్దాల్ని పగలగొట్టేస్తాయి. నవంబరులో మూసిన కిటికీ ఏప్రిల్లో తెరుచుకుంటుంది. కొన్నేళ్ళ క్రితం వెలుతురు వచ్చే ప్లాస్టిక్ రేకులు వచ్చాయి. మా ఆయన పెద్దగదికి అవి కొన్నాడు. వచ్చినవాళ్ళు కూర్చునేది అక్కడ, ఆయన టీవీ చూసేదీ అక్కడే. వంటింటికి మాత్రం పాత దేవదారు పలకలే. "అక్కడికి ఎవరొస్తారు?" అన్నాడు. నిజమే అనుకున్నాను. నేను ఆ "ఎవరు" లో లేనని అప్పుడు తోచలేదు. నిచ్చెన కదలకుండా పట్టుకున్నాను. చివరి పలక పడగానే వంటిల్లు పెట్టె మూసినట్టు అయిపోయింది. లైటు వేస్తే "పట్టపగలు లైటేమిటే" అన్నాడు. ఇదంతా మియురాకి మామూలుగా చెప్పుకుంటూ పోయాను. చెప్తుంటే నా మాటలు నాకే వినపడ్డాయి. మన కొట్టు ముందునుంచి రోజూ నడిచే మనిషి ఒకరోజు లోపలికొచ్చి బేరం అడిగితే ఎలా ఉంటుందో, అలా ఉంది.

పలకలు పీకెయ్యమని తను చెప్పలేదు. వెలుతురు ఒక కారణం కావచ్చు, వేరేవీ ఉండొచ్చు, పట్నంలో డాక్టరుకి ఒకసారి చూపించుకోండి, ఉత్తరం రాసిస్తాను, మళ్ళీ రండి, చలికాలమంతా వస్తూనే ఉండండి అంది.

"మీరిలా ఉంటున్నట్టు ఇంట్లో ఎవరికి తెలుసు?"

"అందరికీ తెలుసు. బద్ధకం అని తెలుసు."

మళ్ళీ రావాల్సిన రోజు నవంబరు మధ్యలో పడింది. మాకు ముల్లంగికి పొగబెట్టే కాలం అది. గుడిసెలో కప్పు నిండా ముల్లంగి కట్టలు వేలాడుతుంటాయి, కింద ఓక్ కట్టెలూ చెర్రీ కట్టెలూ కాలుతుంటాయి. మంట లేవకూడదు, నిప్పు ఆరకూడదు. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఆ ఎవరో ఒకరు నేనే. సరే అని తలూపాను గానీ ఎలా వస్తానో నాకే తెలియలేదు.

మర్నాడు సంతలో సోయా తోఫు అమ్మే కుదో వదిన ముక్కలు నీళ్ళలో వదుల్తూ నా వైపు వంగింది. ఆవిడ తోఫు మెత్తన, నోరు కాదు.

"సనాయె, నీ బండి ఆరోగ్య కేంద్రం వెనకాల చూశాను. అంతా బాగానే ఉందా?"

"ఆ, ఏం లేదు వదినా. ఇంట్లోవాళ్ళ పని మీద వెళ్ళాను."

"అర్థమైందిలే" అని నా చెయ్యి నొక్కింది. తోఫు ఒక ముక్క ఎక్కువ వేసింది. ఎందుకు వేసిందో నేను ఆలోచించలేదు. ఊరికే వచ్చింది కదా అని తీసుకున్నాను. వ్యాపారంలో ఉన్నదాన్ని అలా తీసుకోకూడదు.

కొన్నాళ్ళకి మా అత్తగారు కూరల సంచీ గడప దగ్గర పడేసి లోపలికొచ్చింది. మొహం కందిపోయి ఉంది.

"ఈ ఊరికి ఏమైంది? చేపల కొట్టువాడు చిల్లర నా చేతిలో ఒక్కొక్కటే పెట్టి, పెద్దమ్మా ఇది ఇంత, ఇది ఇంత అని గట్టిగా చెప్తాడేమిటి, నాకేమైనా చెవుడా? కుదో అయితే నా మొహంలో మొహం పెట్టి, నేనెవరో గుర్తుపట్టావా అత్తా, అంటుంది. గుర్తుపట్టకేం, నాకు ఎండిపోయిన తోఫు అంటగట్టేదానివి కాదూ, అన్నాను. దానికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, అయ్యో ఇంకా జ్ఞాపకం ఉంది పాపం, అని పక్కావిడతో అంటుంది!"

మా ఆయన పగలబడి నవ్వాడు. నాకు ఒక్కసారిగా లెక్క తేలింది. కౌన్సెలర్ వచ్చే రోజే, అదే వరండాలో, పక్క గదిలో ముసలివాళ్ళ మతిమరుపు చూసే డాక్టరు కూర్చుంటాడు. మా బండి కేంద్రం వెనక దాచి ఉంది. నేను ఇంట్లోవాళ్ళ పని అన్నాను. ఇంట్లో ముసలావిడ ఒక్కతే. ఊరు తనకి తోచినట్టు కూడుకుంది.

అత్తగారికి మతి ఎక్కడికీ పోలేదు. పన్నెండు నెలల సరుకు ధరలూ ఆవిడకి నోటికొచ్చు. ఆవిడకి ఉన్న ఆస్తల్లా అదే. ఊళ్ళో "హత్సుయో బుర్ర కత్తి" అన్న మాటే ఆవిడ ఆస్తి. నేను నోరు మూసుకుంటే అది పోతుంది. నా సంగతి మాత్రం భద్రంగా దాగి ఉంటుంది. ఇంకొకరి పేరు మీద సరుకు అమ్ముడుపోతుంటే లోపల ఎలా ఉంటుందో ఈ ఇంట్లో నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? తెలిసుండీ అదే పని ఆవిడకి చెయ్యడానికి నాకు మనసొప్పలేదు. భోజనాల దగ్గర పులుసు వడ్డించి, గరిటె కింద పెట్టి చెప్పాను.

"ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది అత్తయ్య కోసం కాదు. నా కోసం. ఈ చలికాలాలు నావల్ల కావట్లేదు. మనసు బాగోక కౌన్సెలర్‌తో మాట్లాడ్డానికి వెళ్ళాను. మళ్ళీ వెళ్తాను."

మా ఆయన చేతిలో అన్నం తినే పుల్లలు ఆగాయి.

"పంటి డాక్టరన్నావు?"

"అబద్ధం చెప్పాను."

"ఇదేం పిచ్చి పనే! యజమాని భార్యకి మతి చెడిందని బయటికి పొక్కితే మన ఊరగాయ ఎవరు కొంటారు?"

"అత్తయ్యకి మతి పోయిందని వారం నుంచి అనుకుంటున్నారు. బేరాలు తగ్గలేదు."

"అది వేరు, ఇది వేరు. వయసుకి వచ్చేది ఎవరికైనా వస్తుంది. నీకేం తక్కువైందని? ఈ ఊళ్ళో ఎండ ఎవరికి ఉంది? అందరూ బతకట్లేదా?"

"ముల్లంగికి ఎండ లేదనే కదా మీ పెద్దవాళ్ళు పొగ గుడిసె కట్టారు" అన్నాను.

గట్టిగా అనలేదు. ఎన్నాళ్ళ నుంచో లోపల ఊరుతున్న మాట, మూత తీస్తే వచ్చేసింది. మిగతా ఊళ్ళలో ముల్లంగిని ఎండలో ఆరబెట్టి ఊరగాయ పెడతారు. మా దగ్గర నవంబరులో సూర్యుడు కనపడడు. అందుకని దాన్ని ఇంట్లోకి తెచ్చి, వెచ్చటి చోట వేలాడదీసి, కింద నిప్పుపెట్టి, పక్కన మనిషిని కాపలా కూర్చోబెట్టారు. ముల్లంగి బద్ధకంగా ఉందని ఎవరూ అనలేదు. దాని కోసం వేరే దారి వెతికారు.

ఆయన జవాబు వెతుక్కున్నాడు. దొరికింది. "అదంతా సరే. పొగబెట్టే రోజుల్లో నువ్వు వెళ్ళి కూర్చుంటే నిప్పు ఎవరు చూస్తారు?"

అసలు చిక్కు అదేనని నాకూ తెలుసు. అత్తగారి వైపు చూశాను. ఆవిడ పులుసు పూర్తిగా తాగి, గిన్నె బోర్లించి, లేచి వెళ్ళిపోయింది. అయిపోయింది అనుకున్నాను. వాళ్ళిద్దరూ ఒక పక్క, నేనొక్కదాన్ని ఒక పక్క. మళ్ళీ ఫోన్ చేసి రానని చెప్పెయ్యడమే సులువు. పక్కలో పడుకుని ఆ మాటే చాలాసేపు అనుకున్నాను, రానని చెప్పడం ఎంత సులువో.

పొద్దున పొగ గుడిసెలో కట్టెలు సర్దుతుంటే అత్తగారు వచ్చి చిన్న పీట మీద కూర్చుంది. నిప్పులో చూస్తూ మాట్లాడింది. నా మొహం చూసి మాట్లాడటం ఆవిడకి ఎప్పుడూ అలవాటు లేదు.

"అమ్మాయ్, నేను కాపరానికొచ్చిన మొదటి చలికాలం, వంటింట్లో పగలు దీపం పెడితే మా అత్త ఊదేసింది. నూనె దండగ అంది. ఆ పలకల వెనకాల నాకు ఊపిరాడేది కాదు. పని చెయ్యకుండా గోడకేసి చూస్తూ నిలబడిపోయేదాన్ని. మొద్దు అనేవాళ్ళు నన్ను."

"మిమ్మల్నా?"

"మరి! హత్సుయో బుర్ర కత్తి అనేది తర్వాత మాట. అందుకని ఇక్కడికొచ్చి కూర్చునేదాన్ని, నిప్పు చూస్తానని చెప్పి. ఇక్కడ నిప్పుంది కదా, వెలుతురుండేది. పొగకి కళ్ళు మండినా సరే. ఊళ్ళోవాళ్ళు, ఆ ఇంటి కోడలు పొగ గుడిసె వదలదు, ఎంత కష్టజీవి అన్నారు. మన ముల్లంగికి పేరు అలా వచ్చింది."

కట్టె ఒకటి చిటపటమంది. ఆవిడ కర్రతో దాన్ని పక్కకి నెట్టింది, మంట లేవకుండా.

"ఎలుగుబంటి అన్నాను నిన్ను" అంది.

"అన్నారు."

"ఊ."

ఆవిడ లేవబోతూ అంది: "నువ్వెళ్ళు. నిప్పు నేను చూసుకుంటాను. ఊరంతా నాకు మతి పోయిందనుకుంటోంది కదా, ఎవరూ నాతో కబుర్లకి రారు, పని బాగా సాగుతుంది."

పలకలు బిగించే రోజు వచ్చింది. మా ఆయన ఎప్పట్లాగే పాకలోంచి దేవదారు పలకలు దించి, ముందు వంటింటి కిటికీ దగ్గర పేర్చాడు. పాక ఆ పక్కనే కాబట్టి ఏటా అక్కడే మొదలుపెడతాడు.

"ఏమే, నిచ్చెన పట్టుకో."

"ఆ కిటికీకి పలకలు వద్దు."

"వద్దంటే? జనవరిలో మంచు వచ్చి అద్దం మీద పడితే?"

"పడుతుంది. అందుకే వెలుతురొచ్చే రేకులు బిగించండి. పెద్దగదివి."

"అవి దీనికి సరిపోవు."

"సరిపోతాయి. కొలిచాను."

ఆయన పలక కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. "మరి పెద్దగదికి?"

"దానికి పలకలు. మీ టీవీకి దాని వెలుతురు దానికుంది."

"ఎవరైనా వస్తే చీకట్లో కూర్చోబెడతామా? సరేలే, వచ్చే ఏడు వంటింటికి కొత్తవి కొందాం."

"వచ్చే ఏడు పెద్దగదికి కొందాం" అన్నాను.

బేరంలో అవతలివాడికి మాట తోచని క్షణం ఒకటి వస్తుంది. అప్పుడు మనం మాట్లాడకూడదు. మాట్లాడితే ధర తగ్గుతుంది. నేను నిచ్చెన రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఆకాశం వైపు చూశాడు, పొగ గుడిసె వైపు చూశాడు. గుడిసె తలుపు సందులోంచి వాళ్ళమ్మ గొంతు వచ్చింది. "ఏరా, రేకులు తేవడానికి ముహూర్తం చూస్తున్నావా? వాన వచ్చేట్టుంది."

ఆయన రేకులు తేవడానికి వెళ్ళాడు. బిగించినంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు, ఒక మేకు వంకర పోయిందని, రేకు చప్పుడు చేస్తుందని. గొణగనీ. సాయంత్రం వంటింట్లో నిలబడితే కిటికీలోంచి పెద్ద వెలుతురేమీ రాలేదు. బూడిదరంగు వెలుతురు, నలిగిన గుడ్డలా. దాంతో నా శీతాకాలం పోతుందని నేను అనుకోవట్లేదు. మియురా కూడా మాటివ్వలేదు. అయినా అందులో బియ్యం గింజలు కనపడ్డాయి, నీళ్ళు తేటబడటం కనపడింది. పంపు నేనే కట్టేశాను.

రెండోసారి వెళ్ళాల్సిన రోజు పొద్దున లేవడం కష్టమైంది. కాళ్ళు ఇసుక బస్తాల్లా ఉన్నాయి. వెళ్ళకపోతే ఏమవుతుందని లోపల ఒక గొంతు బేరమాడింది. దాంతో ఎక్కువ వాదన పెట్టుకోలేదు. తెల్లారుజామున వేసిన కట్టెలు ఎర్రగా ఉన్నాయో లేదో చూసి, అత్తగారి పక్కన టీ ఫ్లాస్కు పెట్టి, బండి తీశాను.

ఈసారి ఆరోగ్య కేంద్రం ముందు, సరిగ్గా గుమ్మానికెదురుగా ఆపాను. ముల్లంగి బొమ్మ రోడ్డు వైపుకి ఉంది. ఆకులతో సహా. అప్పుడే సన్నగా మంచు మొదలైంది, రాలింది రాలినట్టు కరిగిపోతోంది. దిగి తలుపు వేస్తుంటే కుదో వదిన సైకిలు తోసుకుంటూ వచ్చింది, వెనక తోఫు డబ్బా.

"సనాయె! ఎలా ఉంది పాపం మీ అత్తగారికి? నిన్నటికి నిన్న నన్ను పేరు పెట్టి పిలిచింది, నాకెంత సంతోషమేసిందో."

"ఆవిడకేం వదినా, బ్రహ్మాండంగా ఉంది. ఇప్పుడు పొగ గుడిసెలో కూర్చుని మా ఆయనతో కట్టెలు మోయిస్తోంది. ఆవిడకి మతిమరుపు లేదు. ఎప్పుడూ లేదు."

"అదేమిటి, మరి ఆ రోజు నువ్వు…"

"నా కోసం వచ్చాను. చలికాలంలో నా మనసు బాగుండట్లేదు. ఇక్కడ కౌన్సెలర్‌తో మాట్లాడుతున్నాను. చలికాలమంతా వస్తాను."

వదిన మొహంలో ఎన్నో రంగులు మారాయి. బండి మీద బొమ్మని చూసింది, రోడ్డు ఇటూ అటూ చూసింది. సైకిలు నా దగ్గరికి జరిపి, గొంతు బాగా తగ్గించింది.

"ఒట్టు, నేనెవరికీ చెప్పనులే."

"అదేంటి వదినా, చెప్పండి" అన్నాను. "అత్తయ్య గురించి ఎవరెవరికి చెప్పారో వాళ్ళందరికీ చెప్పండి. ఒక్కరిని కూడా వదిలిపెట్టొద్దు."